మా దాకా సగమే వచ్చిన కబురు

నా బండి వెనక సీటుకు రబ్బరు తాడుతో ఒక ప్లైవుడ్ చెక్క కట్టి ఉంటుంది. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు. టీ అంగడి దగ్గర కొత్తగా చూసినవాళ్లు "ఏంది సార్, ఉజ్జోగం ఇడ్సిపెట్టి వడ్రంగి పనికి దిగినారా" అంటారు. నవ్వేసి ఊరుకుంటాను. ఆ చెక్క సంగతి చెప్పాలంటే టీ చల్లారిపోతుంది. ఇక్కడైతే తీరిగ్గా చెప్పుకోవచ్చు.

నేను మదనపల్లె వైపు ఒక టీబీ యూనిట్‌లో ఎస్టీఎస్‌ని. సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్ అని పూర్తి పేరు. పేరులో సీనియర్ ఉంది గానీ పద్నాలుగేళ్లుగా కాంట్రాక్టు ఉద్యోగమే. టీబీ అని తేలినవాళ్ల ఇంటికి పోవాలి, మందులు మొదలుపెట్టించాలి, మధ్యలో మానేసినవాళ్లను బతిమాలి మళ్లీ దారికి తేవాలి, ఇంట్లో మిగతావాళ్లకు పరీక్షలు చేయించాలి, రాత్రికి అన్నీ నిక్షయ్ అనే ప్రభుత్వ టీబీ పోర్టల్‌లో ఎక్కించాలి. ఊళ్లలో నన్ను "టీబీ సార్" అంటారు. కొన్ని వీధుల్లో నా బండి ఆగితేనే పక్కింటివాళ్లకు విషయం తెలిసిపోతుందని, రెండిళ్లు దాటించి ఆపుతాను.

చెక్క విషయానికి వస్తాను. ఒకరోజు ఒక ఇంట్లో కొత్త పేషెంటును తూకం మిషన్ ఎక్కించాను. గడప దగ్గర బండ మీద పెడితే 36.2 చూపించింది. ఎండ ముఖాన పడుతోందని మిషన్‌ను లోపలికి జరిపి, పేడ అలికిన నేల మీద మళ్లీ ఎక్కించాను. 34.1. మనిషి అదే, చొక్కా అదే, మధ్యలో గడిచింది రెండు నిమిషాలు. మామూలుగా అయితే ఏదో ఒకటి రాసుకుని లేచేవాణ్ని. కానీ టీబీ మాత్రలు బరువును బట్టి ఇస్తారు. పెద్దవాళ్లకు 35 కిలోల లోపైతే రోజుకు రెండు, 35 నుంచి 49 దాకా మూడు. అంటే ఆ మనిషి రోజూ రెండు మాత్రలు మింగాలా, మూడు మింగాలా అన్నది పేడ అలికిన నేల తేలుస్తోంది. ఆ మాత్రల్లోని రిఫాంపిసిన్ మందు కనిపెట్టినవాళ్లు, మోతాదు లెక్క కట్టినవాళ్లు ఎంత చదువుకున్నవాళ్లైతే ఏం? చివరికి లెక్కంతా వచ్చి మా ఊరి నేల ఎగుడుదిగుడు మీద ఆగింది. మరుసటి రోజు సామిల్లులో అరవై రూపాయలిచ్చి ఈ చెక్క కోయించుకున్నాను. దానికింద చిన్న రాళ్లు సర్ది, అటూ ఇటూ ఊగకుండా చూసి, అప్పుడు మిషన్ పెడతాను. మా ఆవిడ "జీతం కన్నా నీ సామాన్లే ఎక్కువైపోతాండాయి" అంటుంది.

నిజం చెప్పాలంటే, బరువు గురించి నాకు ఇంత పట్టింపు మొదట్నుంచీ లేదు.

మా వైపు పెద్దవాళ్లు టీబీ అనే మాట నోటితో అనేవాళ్లు కారు. "ఆరోగ్యవరం పోయినాడు" అనేవాళ్లు. అంతే, అర్థమైపోయేది. మదనపల్లె పక్కనే ఉన్న ఆ శానిటోరియాన్ని క్రైస్తవ మిషనరీ సంఘాలవాళ్లు కలిసి 1915లో తెరిచారు. చల్లటి కొండగాలి, కిటికీలు ఎప్పుడూ తెరిచి ఉండే వార్డులు, పాలు, గుడ్లు, విశ్రాంతి. మందులు లేని రోజుల్లో వైద్యమంటే ఇదే. మా అవ్వ తమ్ముడు అక్కడ ఏడాదికి పైగా ఉన్నాడంట. అవ్వ ఎప్పుడు తలుచుకున్నా ఆయన జబ్బు గురించి కాక, ఆయన తిన్న తిండి గురించే చెప్పేది: "మాకు సంగటి ముద్దకే దిక్కులేని కాలంలో వానికి దినామూ గుడ్డు నాయనా!" ఏడుస్తూ చెప్పేదో, కుళ్లుకుంటూ చెప్పేదో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు.

దేశంలో అందరికీ ఆరోగ్యవరం దొరకదు కదా. లక్షల మంది పేషెంట్లు, వేళ్ల మీద లెక్కపెట్టే మంచాలు. 1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాక అసలు ప్రశ్న పుట్టింది. మందు ఉన్నప్పుడు మంచం ఎందుకు? 1956లో మద్రాసులో దాన్ని తేల్చడానికి ఒక కేంద్రం పెట్టారు. మన దేశపు వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ నలుగురూ కలిశారు. వాలెస్ ఫాక్స్ అనే డాక్టరు దాన్ని నడిపించాడు. మద్రాసు పేటల్లోని పేద పేషెంట్లను చీటీ వేసినట్టు రెండు భాగాలు చేశారు. ఒక భాగం శానిటోరియంకు, ఒక భాగం ఇంటికి. ఇద్దరికీ అవే మందులు, ఏడాది పాటు. ఏడాది తిరిగేసరికి శానిటోరియంలో 92 శాతం మందికి, ఇళ్లలో 86 శాతం మందికి జబ్బు అణిగింది. ఇరుకు ఇల్లు, చాలీచాలని తిండి, జబ్బుతోనే పనికి పోయే బతుకు. అయినా తేడా అంతే. ఇంట్లో ఉంచి వైద్యం చేసినందువల్ల ఆ ఇంటివాళ్లకు జబ్బు ఎక్కువగా అంటుకోలేదని కూడా తేలింది. 1959లో ఆ ఫలితాలు అచ్చయ్యాక ప్రపంచంలో శానిటోరియాల కాలం ముగుస్తూ వచ్చింది. మా ఉద్యోగాలు పుట్టింది ఆ చదువు, అంటే ఆ పరిశోధన నుంచే అంటే అతిశయోక్తి కాదు.

ట్రైనింగుల్లో ఈ కథ మాకు ఎప్పుడూ గొప్పగానే చెబుతారు, గొప్పదే కూడా. ఆ కథలో రెండు ముక్కలు మా దాకా రాకుండా దారిలోనే పడిపోయాయని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

మొదటిది, ఆ మద్రాసు పేషెంట్లను ఇంటికి పంపి వదిలేయలేదు. సెంటర్ నుంచి హెల్త్ విజిటర్లు ఇళ్లకు పోయేవాళ్లు. చెప్పాపెట్టకుండా పోయి ఇంట్లో మిగిలిన మందులు లెక్కపెట్టేవాళ్లు. మందు మింగాడో లేదో తెలుసుకోవడానికి ఉచ్చ పరీక్ష చేసేవాళ్లు. అంటే, "ఇంటి దగ్గర వైద్యం" అన్నదాంట్లో ఇంటి తలుపు తట్టే మనిషి కూడా భాగం. 1962లో జాతీయ కార్యక్రమం మొదలైనప్పుడు మాత్ర ఇంటికి వచ్చింది, తలుపు తట్టే మనిషి మాత్రం రాలేదు. మూడు నెలలు మింగి, దగ్గు తగ్గగానే మానేసినవాళ్లు ఎంతమందో. పక్కన నిలబడి మింగించే డాట్స్ పద్ధతి 1990లలో వచ్చేదాకా ఆ ఖాళీ అట్లాగే ఉండిపోయింది.

ఇంకో చదువు ఉంది, మాకు పక్కనే, తుమకూరు జిల్లాలో చేసింది. బెంగళూరు టీబీ ఇన్‌స్టిట్యూట్ తరఫున బెనర్జీ, ఆండర్సన్ అనే ఇద్దరు 1963లో అచ్చు వేశారు. పల్లెటూరోళ్లకు జబ్బు గురించి తెలియదు, ఆస్పత్రికి రారు అని అప్పట్లో అందరి నమ్మకం. వీళ్లు తెమడలో క్రిములు ఉన్నవాళ్లనే నేరుగా అడిగి చూస్తే, దాదాపు అందరికీ తమ ఒంట్లో ఏదో తేడా ఉందని తెలుసు. సగం మందికి పైగా అప్పటికే వైద్యం కోసం తిరిగినవాళ్లు. ప్రభుత్వ దవాఖానాకు పోతే దగ్గుమందు సీసా చేతికిచ్చి పంపేశారు. అరవై ఏళ్లు దాటింది. నా కార్డుల్లో ఉన్నవాళ్లను "మొదట యాడ చూపించుకున్నారు" అని అడిగితే ఇప్పటికీ సగం మంది చెప్పేది ఆ సీసా కథే. సీసా ఇచ్చే మనిషి మాత్రం ఇప్పుడు ఊళ్లోని ఆర్‌ఎంపీ.

ఇక పడిపోయిన రెండో ముక్క తిండి.

శానిటోరియంలో ఉన్నవాళ్లు బాగా తిన్నారు, బరువు బాగా పెరిగారు. ఇంట్లో ఉన్నవాళ్లు అంత పెరగలేదు. అయినా క్రిములు రెండుచోట్లా ఒకటే తీరుగా చచ్చాయి. కాబట్టి మందు ముఖ్యం, తిండి ముఖ్యం కాదు అని తేల్చేశారు. 1961లో దాని మీద వేరే పేపరు కూడా వచ్చింది. వాళ్లు అడిగిన ప్రశ్నకు అది సరైన జవాబే. "మంచి తిండి లేకపోయినా ఈ మందుతో క్రిములు చస్తాయా?" అని అడిగారు. చస్తాయి. కానీ ఆ ఇంట్లో రేపు ఎవరు మంచం పడతారు, మందు మొదలుపెట్టిన మొదటి రెండు నెలల్లో ఎవరు పోతారు అన్నవి వేరే ప్రశ్నలు. తిండికి ఖర్చవుతుంది, మాత్రకు అంత కాదు. ప్రభుత్వాలకు ఏ జవాబు నచ్చుతుందో వేరే చెప్పక్కర్లేదు. "తిండితో పని లేదు" అనే మాట మాత్రం రెక్కలు కట్టుకుని వచ్చినట్టు మా కిందిస్థాయి దాకా వచ్చేసింది. మేము కూడా పేషెంట్లకు "మాత్రలు మానొద్దు" అని వందసార్లు, "బాగా తిను" అని ఒక్కసారి చెప్పేవాళ్లం. రెండోది వట్టి మాట. బాగా తినమంటే దేంతో తింటారు?

నా తప్పు ఇక్కడే చెప్పుకోవాలి.

ట్రీట్‌మెంట్ కార్డులో బరువుకు గడులు ఉంటాయి. మొదట ఎంత, తర్వాత నెలల్లో ఎంత. మొదటి బరువు ఆస్పత్రిలో చూస్తారు. తర్వాతివి మేం రాయాలి. అప్పట్లో నా దగ్గర మిషన్ లేదు. పీహెచ్‌సీలో ఉన్నదాని ముల్లు ఎవరూ ఎక్కకముందే రెండు దగ్గర నిలబడి ఉండేది. నేనేం చేసేవాణ్నంటే, మొదటి అంకెనే తర్వాతి గడుల్లోనూ దించేవాణ్ని. 38, 38, 38. నేనొక్కణ్నే కాదు అని సమర్థించుకోను, నా కార్డుల మీద ఉన్నది నా చేతిరాత.

వాళ్లలో ఒకాయన పట్టు మగ్గం నేసేవాడు. మాత్రలు ఒక్కరోజు కూడా తప్పలేదు, ఆశా కార్యకర్త స్వయంగా మింగించింది. ఐదో వారంలో నేను పోయినప్పుడు ఆయన భార్య గుమ్మం దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి చెప్పింది: "మొలతాడు నిలబడ్డంల్యా సార్. రెండుసార్లు బిగించి కట్టినాను, మళ్లీ జారిపోతాంది." నేను "మందులు వేడి చేస్తాయమ్మా, మజ్జిగ తాగించు" అని చెప్పి వచ్చేశాను. కార్డు మీద 38 రాశాను. ఏడో వారంలో ఆయన పోయాడు. ఆ మొలతాడుకున్న జ్ఞానం నా కార్డుకు లేకపోయింది.

2023 ఆగస్టులో పేరున్న వైద్య పత్రిక లాన్సెట్‌లో ఒక చదువు వచ్చింది. జిల్లా రివ్యూ మీటింగులో ఒక మెడికల్ ఆఫీసర్ దాని గురించి రెండు నిమిషాలు చెప్పి తర్వాతి స్లైడుకు వెళ్లిపోయారు. నేను ఇంటికొచ్చి ఫోన్లో వెతుక్కుని, కూడబలుక్కుంటూ చదివాను. పేరు రేషన్స్. జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో 2019 నుంచి 2022 దాకా చేశారు. నడిపింది అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ అనే డాక్టర్లు, చెన్నై టీబీ పరిశోధన సంస్థతో కలిసి. ఆ చెన్నై సంస్థ ఏదో కాదు, 1956లో పెట్టిన మద్రాసు సెంటరే పెరిగి పెద్దదై పేరు మారింది. తిండితో పని లేదని చెప్పిన చోటే, అరవై ఏళ్ల తర్వాత తిండి లెక్క మళ్లీ తీసింది. ఇది చదివినప్పుడు నాకు ఎందుకో మా అవ్వ గుడ్డు గుర్తొచ్చింది.

అందులో 2,800 మంది పేషెంట్లు, వాళ్ల ఇళ్లలో ఉండే పదివేల మందికి పైగా మనుషులు ఉన్నారు. పేషెంట్లందరికీ నెలకు పది కిలోల సరుకులిచ్చారు: బియ్యం, పప్పు, పాలపొడి, నూనె. దాంతోపాటు విటమిన్ మాత్రలు. టీబీ యూనిట్లనే చీటీ వేసి రెండుగా పంచి, ఒక సగంలో ఇంట్లో మిగతావాళ్లకు కూడా ఇచ్చారు. పెద్ద మనిషికి నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు. రెండో సగంలో ఇంటివాళ్లకు ఏమీ ఇవ్వలేదు. తర్వాత ఎవరికి టీబీ వస్తుందో చూశారు. సరుకులు అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే ఊపిరితిత్తుల టీబీ అయితే 48 శాతం. కిలోన్నర పప్పు గురించి నేను మాట్లాడుతున్నది. టీకా గురించి కాదు.

పేషెంట్ల లెక్క వేరే పేపర్లో ఉంది. ప్రతి ఐదుగురిలో నలుగురు ఉండాల్సిన బరువుకు తక్కువ. మొదటి రెండు నెలల్లో బరువు ఐదు శాతం పెరిగినవాళ్లలో చావు ముప్పు 61 శాతం తక్కువ. ఐదు శాతమంటే 38 కిలోల మనిషికి రెండు కిలోలు కూడా కాదు. ఆ వాక్యం చదివి ఫోను పక్కన పెట్టేశాను. అటక మీద నుంచి పాత కార్డుల జిరాక్సులు దించి చూసుకున్నాను. వాటి గురించి ఇంతకుముందే చెప్పాను కదా.

తూకం మిషన్ ఆ నెల జీతంలోనే కొన్నాను.

ఇక టమాటా మార్కెట్ హమాలీ అన్న ఇంటి సంగతి చెప్పాలి. మదనపల్లె టమాటా మార్కెట్ తెలియనివాళ్లు ఉండరు. తెల్లవారకముందే బండ్లు, కేకలు, ఎర్రగా కొండల్లా బాక్సులు. ఈయన అక్కడ లారీకి ఎత్తే మనిషి. మూడు నెలలు దగ్గు, అదే సీసా, అదే ఇంజెక్షన్. చివరికి తెమడ ట్రూనాట్ మిషన్లో పెడితే తేలింది. నా చెక్క మీద నిలబెడితే 41 కిలోలు. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. రెండు బాక్సులు కలిపితే ఆయన కన్నా బరువు, ముందువారం దాకా వాటిని మోస్తూనే ఉన్నాడు.

తమిళనాడులో 2022 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. టీబీ అని తేలిన రోజే పేషెంటును నిలబెట్టి కొన్ని విషయాలు చూస్తారు: ఎత్తుకు తగ్గ బరువు ఉందా, కాళ్లకు నీరు పట్టిందా, ఊపిరి ఎన్నిసార్లు తీస్తున్నాడు, వేలికి పెట్టే మిషన్లో ఆక్సిజన్ ఎంత, ఆసరా లేకుండా నిలబడగలడా. తేడా ఉంటే ఇంటికి పంపకుండా ఆస్పత్రిలో చేర్చుకుంటారు. దీనికి పెద్ద డాక్టరు అక్కర్లేదు, నాలాంటివాడు చేయగలడు. మద్రాసు చదువు శానిటోరియం వద్దంది కదా అని అందరినీ ఇంటికి పంపేస్తే, ఇంట్లో చచ్చిపోయే కొద్దిమందిని పట్టుకోవడానికి మళ్లీ ఆ మద్రాసు రాష్ట్రమే దారి కనిపెట్టింది. నేను ఫోన్లో ఈ ఐదూ రాసి పెట్టుకున్నాను. ఎవరూ చెప్పలేదు, రాసుకుంటే పోయేదేముంది? హమాలీ అన్న పాదం మీద బొటనవేలితో నొక్కి చూశాను. గుంట పడలేదు. ఆసరా లేకుండా లేచి నిలబడ్డాడు. సరే, ఇంటి దగ్గరే మొదలుపెట్టాం. మొదటి రోజు చెప్పాల్సిన ముఖ్యమైన మాట చెప్పాను: "ఉచ్చ ఎర్రగా వస్తాదన్నా, అది మందు రంగు, రక్తం గాదు." ఇది చెప్పకపోతే మూడోనాడు మాత్రలు బావిలోకి పోతాయి.

సరుకుల కిట్టు ఒక మండీ యజమాని ఇచ్చాడు. దాతలు టీబీ పేషెంట్లకు సరుకులిచ్చే నిక్షయ్ మిత్ర పథకం కింద పన్నెండు మందిని దత్తత తీసుకున్నాడాయన. రాగిపిండి, కందిబేళ్లు, చెనిక్కాయలు, నూనె, రెండు డజన్ల గుడ్లు. ఫోటోలు దిగాం, అది తప్పదు. తొమ్మిదో రోజు నేను మాత్రలు లెక్కపెట్టడానికి పోతే డబ్బాలన్నీ ఖాళీ. ఇంట్లో ఐదుగురు: ఆయన, భార్య, ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి. నేను పాత అలవాటు కొద్దీ మొదలుపెట్టాను, "ఇది పేషెంటు ఒక్కరికే అక్కా, మందు లాంటిది" అని. ఆమె చేట పక్కన పెట్టి నా వైపు చూసింది.

"పిల్లోళ్లు ఎదురుగా కూచోని చూస్తాంటే ఆయనొక్కడే గుడ్డు ఎట్లా తింటాడు సార్? మీరైతే తింటారా?"

నేనైతే తినను.

జార్ఖండ్‌లో ఆ చదువు చేసినవాళ్లకు ఈమె మాట ముందే తెలుసనిపిస్తుంది. ఇంట్లో ఐదుగురుంటే ఐదుగురి లెక్కన ఇవ్వడం వాళ్ల కనికరం ఒక్కటే అనుకోను. ఒక్కరికిస్తే ఆ ఒక్కరికి కూడా అందదు. మా దాకా వచ్చిన కబురులో మాత్రం "పేషెంటుకు కిట్టు" అన్నది మిగిలి, "ఇంటికి కిట్టు" అన్నది మళ్లీ దారిలో జారిపోయింది.

డబ్బు సంగతి కూడా ఇట్లాంటిదే. 2018 ఏప్రిల్ నుంచి నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 500 రూపాయలు పేషెంటు ఖాతాలో వేస్తూ వచ్చారు. మంచి పథకమే. నా పేషెంటు ఒకామె, గొర్రెలు కాసుకునే మనిషి. ఖాతా ఎన్నో ఏళ్లుగా వాడక మూలపడి ఉంది. బ్యాంకు పద్దెనిమిది కిలోమీటర్లు. మొదటిసారి పోతే సర్వర్ లేదన్నారు, రెండోసారి వేలిముద్ర పడలేదన్నారు. గొడ్డుచాకిరీతో వేళ్లు అరిగిపోయిన మనిషికి ముద్ర ఎక్కడ పడుతుంది? మూడోసారి నేనే బండి మీద తీసుకుపోయాను. మొదటి డబ్బు పడేసరికి ఆరు నెలల కోర్సు అయిపోయి ఇరవై రోజులైంది. "ఇప్పుడెందుకు సార్ ఇది, బాగైపోతి గదా" అని ఆమె నన్నే అడిగింది. ఆ డబ్బుతో ఒక పొట్టేలి పిల్లను కొన్నది లెండి, తెలివైంది.

ఎప్పుడూ తిట్టుకుంటూ కూర్చోవడం న్యాయం కాదు, ఈసారి పైవాళ్లు కాస్త తొందరగానే కదిలారు. 2024 నవంబరు 1 నుంచి ఆ 500 వెయ్యి అయింది. నెలనెలా కాకుండా మూడు వేల చొప్పున రెండు దఫాలుగా, మొదటిది వైద్యం మొదట్లోనే. బాగా చిక్కిపోయినవాళ్లకు మొదటి రెండు నెలలు బలమైన ఆహారం అదనంగా ఇవ్వాలన్నారు. నిక్షయ్ మిత్ర కిట్లు ఇంట్లోవాళ్లకూ ఇవ్వొచ్చన్నారు. లాన్సెట్‌లో వచ్చిన పదిహేను నెలలకే ఈ మాట మా ఆఫీసు దాకా కాగితం మీద వచ్చింది. మొదటి ముక్కకు ముప్పై ఏళ్లు పట్టిందని గుర్తుపెట్టుకుంటే ఇది పరుగే. కాగితం నుంచి చేట దాకా ఇంకా దారి ఉందనుకోండి.

ఆ కాగితం ప్రింటు తీసుకుని మండీ యజమాని దగ్గరకు పోయాను. పన్నెండు మందికి ఒక్కో కిట్టు బదులు ఐదు ఇళ్లకు ఇంటిల్లిపాదికీ సరిపడా ఇవ్వమని అడిగాను. "అంటే నా పేరు పక్కన పన్నెండు పోయి ఐదు పడతాది గదా" అన్నాడు. అవునన్నాను. కొంచెంసేపు ఆలోచించి పన్నెండూ ఉంచి, హమాలీ ఇంటికి మాత్రం పెంచాడు. మార్కెట్లో తన లారీలకే ఎత్తిన మనిషి, ఆ మొహమాటం పని చేసింది. మిగతా పదకొండు ఇళ్లకు ఏం చేయాలో ఇంకా తెలియలేదు. ఈ రాత చదివేవాళ్లలో మా వైపువాళ్లు, బెంగళూరులోనో డల్లాస్‌లోనో స్థిరపడ్డవాళ్లు ఎవరన్నా ఉంటే నా ఆశ ఏమిటో అర్థమయ్యే ఉంటుంది. రాగులు, బేళ్లు, చెనిక్కాయలే చాలు, ఖరీదైన పొడి డబ్బాలు వద్దు. ఆ డబ్బాలు పిల్లల స్కూలు పెన్సిళ్లు పెట్టుకోవడానికి పనికొస్తున్నాయి.

ఇంకో మాట, మీ ఇంట్లోనో పక్కింట్లోనో రెండు వారాలు దాటి దగ్గు ఉంటే సీసా దగ్గర ఆగొద్దు, తెమడ పరీక్ష అడగండి, ఉచితమే. ఎవరిని అడగాలో తెలియకపోతే 1800-11-6666కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. ఇంట్లో ఒకరికి టీబీ తేలితే మిగతావాళ్లు కూడా చూపించుకోవాలి. జబ్బు లేనివాళ్లకు రాకుండా ఉండేందుకు వేరే మాత్రలు ఉన్నాయి.

హమాలీ అన్నకు రెండో నెల నిండినప్పుడు చెక్క, మిషన్ పట్టుకుని పోయాను. పెరట్లో చింతచెట్టు కింద రాళ్లు సర్దాను. 43.6. రెండున్నర కిలోలు. ఐదు శాతం దాటిందని లెక్క కట్టుకుని, ఏమీ అననట్టు కార్డులో రాసుకున్నాను. చిన్న పిల్లోడు పరిగెత్తుకొచ్చి ఎక్కేశాడు, పెద్దది సిగ్గుపడింది, ఆ అక్క చెంగు సరిచేసుకుని ఎక్కి దిగింది. ఆయన తల్లి మాత్రం అరుగు మీద నుంచి కదల్లేదు. నెల కిందట ఆమె 33 ఉంది. పరీక్షల్లో జబ్బు ఏమీ లేదు, ఉన్నదంతా ఆకలే.

"రా అవ్వా, ఒక్క నిమిషం."

"నేను రాను."

"ఏం, మిషన్ కొరుకుతాదా?"

కోడలు నవ్వింది. ముసలామె నవ్వలేదు. నన్ను దగ్గరకు రమ్మని సైగ చేసి, మిగతావాళ్లకు వినపడకుండా అడిగింది:

"ఒక మాట చెప్పు నాయనా. బరువు పెరిగినానంటే బేళ్లు నిలిపేస్తారా?"

నిలిపేయరని చెప్పాను. ఆరు నెలల తర్వాత సంగతి ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. లేచి, నా భుజం పట్టుకుని, ఒక్కో కాలూ జాగ్రత్తగా చెక్క మీద పెట్టింది. అంకెలు అటూ ఇటూ కదిలి ఆగాయి.

34.8.

"ఎంత?" అంది.

"కొంచెమే అవ్వా" అన్నాను.